ప్రతి గుమ్మానికీ ఒక చప్పుడు

ఫిబ్రవరి 9, 2025. ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి నుంచి తిన్నగా మామిడికుదురులో మా కొత్తింటికి వెళ్ళాం. గోడలకి పుట్టీ పట్టేశారు. ఇక మిగిలింది కప్పు కింద జిప్సం బోర్డులు బిగించడం. ఫాల్స్ సీలింగు దండగ అని మొదట్లో అన్నది నేనే. ఇప్పుడు కావాలని పట్టుబట్టిందీ నేనే, అందులో స్పీకర్లు పెట్టించాలని. ఈయన సంబరం ఇంతా అంతా కాదు. రాజ్ కుమార్ గారికి హోం థియేటర్ పిచ్చి. బ్యాంకులో కౌంటర్ వెనక కూర్చుని కూడా స్పీకర్ల వీడియోలు చూస్తారు. ఇన్నాళ్ళకి మా ఆవిడకి పాటల మీద మనసు మళ్ళిందని తాపీమేస్త్రీకి కూడా చెప్పుకున్నారు.

నాకు పాటల కోసం కాదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి సూటిగా రాస్తాను. నా కళ్ళు పోతున్నాయి. ఇంట్లో అందరికీ తెలుసు, పోతున్నాయన్న మాట మాత్రం ఎవరూ పైకి అనరు. చీకటి పడ్డాక కనబడడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు పగలు కూడా పక్కలు పోతున్నాయి. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. ఎన్నాళ్ళన్నది చెప్పలేనమ్మా, ఆగడం మాత్రం ఆగదు అన్నారు కాకినాడ డాక్టరు గారు.

నాన్నకీ ఇదే. రేచీకటి అనేవారు అప్పట్లో. హెడ్మాస్టరుగా బడంతటినీ నడిపించిన మనిషి, చివరికి వరండాలో మంచం మీద కూర్చుండిపోయారు. బాత్రూముకి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకోవాలి. పిల్లి నడిచినా, ఎవరదీ, అని అడిగేవారు. నాకు చీకటంటే అంత భయం లేదు. ఆ మంచమంటే భయం.

నేను ఆ మంచం మీద కూర్చోను. నా ఇంట్లో నేను ఒక్కదాన్నే నడుస్తాను. వంటింటికీ, బాత్రూముకీ, వీధి గుమ్మానికీ. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. చక్కబెడతాను.

ఫిబ్రవరి 10

స్పీకర్లు కప్పులోనే ఎందుకంటే, కారణం మా పనిమనిషి పద్మావతి.

ఇప్పుడున్న అద్దెంట్లో వంటింటి కిటికీలో రేడియో ఉంటుంది. చీకటి పడ్డాక దాని గొంతు పట్టుకునే వంటింట్లోకి వెళ్తున్నాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మొన్న పద్మావతి ఇల్లు తుడుస్తూ రేడియోని తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. నేను దాన్ని నమ్మి వెళ్ళి గ్యాస్ బండని తన్నుకున్నాను. కాలి బొటనవేలి గోరు నల్లబడింది. పద్మావతిని ఏమంటాను, దాని పని అది చేసింది. చోటు మారిన రేడియో అబద్ధం చెబుతుంది, అంతే. కప్పులో బిగించినదాన్ని తుడుస్తూ ఎవరూ జరపలేరు.

ఫిబ్రవరి 15

అమలాపురం వెళ్ళి కొన్నాం. కొట్టు రాజేంద్రప్రసాద్ గారు గుండ్రటి స్పీకర్లు వరసగా పెట్టి వినిపించారు. గదిలో ఏ మూల నిలబడ్డా ఒకేలా వినపడతాదండి, ధ్వని గొడుగులా విచ్చుకుంటాదండి, అన్నారు. ఈయన కొట్లో నాలుగు మూలలా నిలబడి చూసి తల ఊపారు. నేనూ ఊపాను. గదికి రెండు చొప్పున తీసుకున్నాం.

ఫిబ్రవరి 17. సాయంత్రం

పొద్దున్నే అత్తయ్యగారితో గొడవ.

ఎలీసమ్మ గారంటే మా చర్చిలో అందరికీ హడల్. స్త్రీల సమాజంలో పాట ఎత్తేది ఆవిడే, పక్కవాళ్ళు శ్రుతి తప్పితే పాట మధ్యలో ఆగి మరీ చూస్తారు. డెబ్భై దాటినా శుక్రవారాలు నా కళ్ళ కోసం ఉపవాసం ఉంటున్నారు. అందుకని ఆవిణ్ణి గట్టిగా అనలేను. అయినా అన్నాను.

స్పీకర్లు దేనికో ఆవిడకి నిజం చెప్పాను. ప్రభువు కళ్ళిత్తాడని మేం కడుపు మాడ్చుకుంటుంటే నువ్వు గుడ్డిదాని ఏర్పాట్లు చేసుకుంటన్నావేంటమ్మాయ్, ఇంక నా ప్రార్థన ఎవరికోసం, అన్నారు. వాన పడకముందే ఇల్లు నేయించుకుంటాం, అది దేవుడి మీద అపనమ్మకమా అండీ అన్నాను. ఇల్లు వేరు ఒళ్ళు వేరు అన్నారు. ఒళ్ళు తిరిగేది ఇంట్లోనే కదండీ అన్నాను. పళ్ళెం పక్కకి తోసి లేచిపోయారు.

బడికి వెళ్ళాక ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలే అందుకున్నారు.

మార్చి 2

బెన్నీ వచ్చాడు. మా చుట్టుపక్కల కొత్తగా కట్టిన చర్చిల్లో సగానికి మైకు సెట్లు బిగించింది ఇతనే. నన్ను సిస్టర్ అంటాడు, మా వారిని మాత్రం సారండి అంటాడు.

సుద్దముక్కతో కప్పు మీద గీతలు గీశాడు. ఫ్యాను నడిమధ్యన ఉండాలంట, లైట్లు నాలుగు మూలలా ఉండాలంట, స్పీకర్లు గోడకి రెండడుగులు ఇవతల ఉండాలంట. కప్పు మీద కూడా సీట్ల కోసం పోట్లాటే. ముందు బల్ల మీద కూర్చున్నోళ్ళకి వాక్యం ఎంత వినపడతాదో బయట చెప్పుల కాడ నిలబడ్డోడికీ అంతే వినపడాలండి సిస్టర్, నా లెక్క అదేనండి, అన్నాడు. భేష్ అనుకున్నాను. లెక్కల టీచర్ని కదా, సమానం అన్నమాట వింటే చాలు నాకు ముచ్చట.

మార్చి 20. సాయంత్రం

అన్నీ బిగించారు. బెన్నీ స్విచ్చి వేశాడు. అన్ని గదుల్లో ఒకే పాట. ఈయన హాల్లో కళ్ళు మూసుకుని నిలబడిపోయారు. ఎంత బాగుందో చెప్పలేను.

నేను పడగ్గదిలోకి వెళ్ళి తువ్వాలు కళ్ళకి కట్టుకున్నాను. వంటింటికి బయల్దేరాను. పాట నా నెత్తి మీద ఉంది. నాలుగడుగులు వేశాను. ఇంకా నెత్తి మీదే ఉంది. ఎటు తిరిగినా అక్కడే. వంటింట్లో ఎంత పాట ఉందో పడగ్గదిలోనూ అంతే. ఏ గదిలో ఉన్నానో తెలియలేదు. పాట ఆపమని అరవబోయి ఇంకో అడుగు వేసి తలుపు అంచుకి గుద్దుకున్నాను.

కిందే కూర్చుని ఏడ్చాను. నొప్పికి కాదు. ఇంత ఆలోచించి, ఇంత పోట్లాడి, ఉన్న దారిని కూడా నేనే చెరిపేసుకున్నాను.

మార్చి 21

నుదుటి మీద బొప్పి. బడిలో అడిగితే తలుపు తగిలిందన్నాను.

మార్చి 23. ఆదివారం

చర్చిలో కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన కోసం కాదు, తెలుసుకుందామని. పాస్టరు గారు ఎక్కడ నిలబడ్డారో చెవులతో కనుక్కోబోయాను. చేతకాలేదు. కుడివైపున్నారు, ఎడమవైపున్నారు, నా వెనకా ఉన్నారు. బెన్నీ పని అంత శుభ్రంగా చేశాడు. చర్చికి అదే కావాలి మరి. వినడానికి వచ్చినవాళ్ళం కూర్చుంటాం, నడవం.

ఆరాధన అయ్యాక గుమ్మం బయట మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. బోరింగు అదిగో అటు. చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు ఇటు. మిక్చరు బండివాడి గరిటె రోడ్డు అవతల. చెయ్యి చాపి ఒక్కొక్కటీ చూపించగలను. కళ్ళు తెరిచేసరికి నిజంగానే చాపి ఉన్నాను, ఇద్దరు ఆడవాళ్ళు ఆగి నన్నే చూస్తున్నారు.

బోరింగు బోరింగులాగే మోగుతోంది, బండి బండిలాగే. అందుకే దారి తెలుస్తోంది. ఇంట్లో అన్ని గదుల చేతా ఒకే మాట చెప్పించాను, అదీ నేను చేసిన తెలివితక్కువ పని.

గది నడుమ కాదు, గుమ్మం మీద ఉండాలి. ప్రతి గుమ్మానికీ ఒక్కటే. దేని చప్పుడు దానిదే. గొడుగులా విచ్చుకోకూడదు. దాని కిందికి వెళ్తే నిండుగా వినబడాలి, దాటితే తగ్గిపోవాలి.

మార్చి 24

స్పీకర్లు అసలు దేనికో చెప్పి, గుమ్మాల మీదికి మార్పిద్దామని ఈయన్ని అడిగాను. ఒప్పుకోలేదు. మొన్నేగా బిగించింది, కొత్త బోర్డు కోసేస్తావా, గుమ్మాల మీద స్పీకర్లేంటి శారోన్, చూసినోళ్ళు నవ్వుతారు, అన్నారు. బోర్డు సంగతి కాదని నాకు తెలుసు. అడిగాను. చాలాసేపు తప్పించుకుని చివరికి చెప్పారు. అవి గుమ్మాల మీదికెక్కితే నీ కళ్ళు పోయాయని మనమే ఒప్పుకున్నట్టు అన్నారు.

ఒప్పుకోకపోతే ఆగుతాయా అన్నాను.

ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను. మారు వడ్డించుకుని మరీ తిన్నాను. పస్తులుంటే మొండితనం తగ్గుతుందని భయం.

మార్చి 29

మూడు రోజులుగా ఈయన ఇంట్లో నాకంటే ముందు నడిచి లైట్లు వేస్తున్నారు. నాకు తెలియకుండా చేస్తున్నాననుకుంటున్నారు. స్విచ్చి చప్పుడు వినబడదా నాకు. ప్రేమే. కాదనను. కానీ ఈ ప్రేమ చివరికి తీసుకెళ్ళేది ఆ మంచం దగ్గరికే.

ఏప్రిల్ 5. సాయంత్రం

ఈ రోజు ఈయన్ని కొత్తింటికి తీసుకెళ్ళి, తువ్వాలు ఆయన కళ్ళకి కట్టాను. పాట పెట్టాను. పడగ్గది నుంచి వంటింటికి వెళ్ళి రమ్మన్నాను. నవ్వుతూ బయల్దేరారు. తన ఇల్లే, ప్రతి ఇటికా చూసి కట్టించుకున్న ఇల్లు. గోడ పట్టుకుని నడవాలోకి వచ్చారు. అక్కడ ఆగిపోయారు. ఇటు తిరిగారు, అటు తిరిగారు. నవ్వు పోయింది. నన్ను పిలిచారు. నేను పలకలేదు, కావాలనే. దగ్గరికి వెళ్దామని రెండడుగులు వేశాను.

ఆ చప్పుడికి, ఎవరదీ, అన్నారు.

అచ్చం నాన్న గొంతే. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆయన తువ్వాలు విప్పుకుని దాన్నే మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత మొహం తుడుచుకుని, కన్నాలు ఎక్కడెక్కడ కొట్టాలో చెప్పు అన్నారు.

హాల్లో రెండు స్పీకర్లు మాత్రం నాకుంచు అని కూడా అన్నారు. ఉంచాను.

ఏప్రిల్ 8

రాజేంద్రప్రసాద్ గారి కొట్టుకి మళ్ళీ వెళ్ళాం. బాగా తక్కువ దూరం వినబడే స్పీకర్లు కావాలని అడిగాను. ఆయన మా వారి మొహం చూశారు. అందరూ వీధి చివరికి వినపడాలంటారండి, గుమ్మం దాటకూడదని అడిగినోళ్ళు మీరే మొదలండి మేడంగారూ, అన్నారు. చివరికి అటక మీంచి దుమ్ము కొట్టుకుపోయినవి దించారు. పాటలకి పనికిరావని ఎవరూ కొనలేదంట. కింద నిలబడితే చెవిలో చెప్పినట్టుంది. పక్కకి జరిగితే గొణుగుడు. నాకు కావలసింది ఇదే.

బెన్నీ మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. నా పేరు చెప్పకండి సిస్టర్, ఇంత పిసరు సౌండు నేను బిగించానంటే చర్చిలోళ్ళు నన్ను పిలవరండి, అన్నాడు. అలాగే బిగించాడు. పాత కన్నాల్లో లైట్లు పెట్టాడు. కరెంటు పోతే మూగబోకుండా ఇన్వర్టరుకి కలిపాడు.

ఏప్రిల్ 19

ఏ గుమ్మానికి ఏ చప్పుడన్నది ఇప్పటికి తేలింది.

వంటింటికి రేడియో. అది అలవాటైన గొంతు. బాత్రూముకి బిందెలో నీళ్ళు పడుతున్న చప్పుడు. పడగ్గదికి గడియారం. వీధి గుమ్మానికి మా ఆరో తరగతి పిల్లలు చదివే ఎక్కాలు, ఫోన్లో పట్టుకొచ్చాను. అందులో ఒకడు పదమూడో ఎక్కం దగ్గర ప్రతిసారీ తప్పుతాడు. వాణ్ణి దిద్దకుండా గుమ్మం దాటడం నాకు కష్టంగానే ఉంది.

అత్తయ్యగారు వాటికి అపనమ్మకపు పెట్టెలని పేరు పెట్టారు. కొత్తింటికి వచ్చినా గుమ్మాల కింద ఆగరు. వాన చినుకులు తప్పించుకున్నట్టు గబగబా దాటేస్తున్నారు.

మే 1

గృహ ప్రతిష్ఠ. ఇంటినిండా జనం. కూడికకి అన్ని స్పీకర్లూ ఆపించారు అత్తయ్యగారు. గుమ్మాల మీద ఇవేంటండీ అని వచ్చినవాళ్ళు అడిగితే, అబ్బాయికి పాటల సరదాలెండి అని చెబుతున్నారు.

పాస్టరు గారు నా కళ్ళ కోసం ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఎందుకనను, నాకూ కళ్ళు కావాలి. వస్తే ఈ పెట్టెల్లో పాటలు పెట్టుకుంటాం.

మే 12. రాత్రి ఏడున్నర

లైట్లు వేయనివ్వలేదు. పడగ్గది నుంచి బాత్రూముకి వెళ్ళాను. బిందె నిండుతున్న చప్పుడు ముందు చెంప మీద, తర్వాత నుదుటి మీద, తర్వాత మాడు మీద. మాడు మీదికి వచ్చిందంటే గడప వచ్చినట్టే. చెయ్యి చాపితే గొళ్ళెం దొరికింది. అక్కణ్ణుంచి వంటింటికి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. రేడియోలో కొబ్బరి తెగుళ్ళ గురించి ఎవరో చెబుతున్నారు.

ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. నడవాలో ఈయన ఊపిరి బిగపట్టి నిలబడ్డారని తెలుస్తూనే ఉంది, పలకరించలేదు. కాఫీలో పంచదార ఎక్కువైంది. ఇంత సంతోషం ఈ మధ్య ఎరగను.

జులై 20

బోర్డు మీద నేను రాసిన గీత నాకే కనబడడం లేదు. పిల్లలు చెబుతున్నారు, వంకర పోయిందండి టీచర్ అని. డైరీ కూడా స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. పేజీకి పది వరసలు కూడా పట్టడం లేదు.

ఇంట్లో మాత్రం ఎక్కడా గుద్దుకోవడం లేదు.

అక్టోబర్ 28. మధ్యాహ్నం

తుఫాను అంతర్వేది వైపే వస్తోందంట. కొబ్బరిచెట్లు ఒరిగి లేస్తున్నాయి. ఈయన్ని బ్యాంకు పని మీద అమలాపురంలో ఆపేశారు. రాలేనని ఫోన్ చేశారు. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద గుమ్మాలు పలుకుతున్నాయి.

అక్టోబర్ 29. సాయంత్రం

ఇన్వర్టరూ అయిపోయింది. ముందు గడియారం ఆగింది, తర్వాత నీళ్ళు, తర్వాత పిల్లలు. రేడియో చివరిదాకా ఉంది.

మంచం మీద కూర్చున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది. టార్చి వెలుగులో ఈ కాగితం మాత్రం కనబడుతోంది. గది లేదు. బయట గాలి హోరు అన్ని వైపుల నుంచీ ఒకేలా ఉంది, బెన్నీ బిగించినట్టు. గోడ పట్టుకుని వెళ్దామంటే నడవా నిండా లోపలికి తెచ్చిపడేసిన సామాను. అత్తయ్యగారిని పిలవచ్చు. పిలవను.

అక్టోబర్ 30

నిన్నటి మిగతా కథ.

ఎంతసేపు కూర్చున్నానో. గాలి కాస్త తగ్గింది. అప్పుడు పాట వినబడింది. పాత కీర్తన. అత్తయ్యగారి గొంతు, వంటింటి వైపు నుంచి. వంట చేసుకుంటూ పాడుకుంటున్నారు అనుకున్నాను. కానీ వంట చేసే మనిషి పాట కదులుతుంది. పొయ్యి దగ్గరికి వెళ్తుంది, సింకు దగ్గరికి వస్తుంది, డబ్బా మూత తీసేటప్పుడు ఆగుతుంది. ఈ పాట కదలడం లేదు. మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంది. మూడు చరణాలూ అయ్యాయి, మళ్ళీ మొదటికి వచ్చింది.

లేచాను. పాట పట్టుకుని నడిచాను. సామాను కాలికి తగిలితే పక్క నుంచి తిరిగి మళ్ళీ పాటకి ఎదురయ్యాను. చాపిన చేతికి అత్తయ్యగారి భుజం తగిలింది. కాలితో తడిమితే గడప తగిలింది. సరిగ్గా స్పీకరు కింద నిలబడ్డారు.

ఏంటే, ఏం కావాలో అక్కణ్ణించే అడగొచ్చు కదా, అని విసుక్కుని లోపలికి వెళ్ళారు. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. ఆ తర్వాత వెలిగించిన చప్పుడు వినబడింది.

నవంబర్ 16

కరెంటు పోయి ఇన్వర్టరు అరుపు మొదలెట్టిందంటే చాలు, వంటింటి గుమ్మం దగ్గర కీర్తన మొదలవుతోంది. ఈ రోజు ఉండబట్టలేక అడిగాను. నోరుంది పాడుకుంటన్నాను, నీకేంటంట, ప్రభువిచ్చిన గొంతుకి కరెంటు కావాలా, అన్నారు. శుక్రవారం ఉపవాసం మానలేదు. పెట్టెలకి పెట్టిన పేరూ మార్చలేదు.

నేను ఇంకెప్పుడూ అడగను.

మే 7, 2026

సాయంత్రం గాలివాన. కరెంటు లేదు, ఇన్వర్టరు బ్యాటరీ రిపేరుకి వెళ్ళింది. అప్పటికే చీకటి పడింది. అత్తయ్యగారు బాత్రూములో ఉన్నారు, టార్చి వేసుకోడానికి ఫోన్ కూడా పట్టుకెళ్ళలేదు. తలుపు తీసిన చప్పుడైంది. అడుగు పడలేదు. నేను నడవాలో కదిలితే, ఎవరదీ, అన్నారు.

వెళ్ళి వంటింటి గుమ్మం కింద నిలబడి కీర్తన ఎత్తుకున్నాను. కదల్లేదు.

వచ్చి నా భుజం పట్టుకున్నారు. శ్రుతి తప్పిందమ్మాయ్ అన్నారు.